భుజానికి ఇంటిపాఠం

జడ వేసుకుందామంటే చెయ్యి పైకి లేవదు. అటక మీది డబ్బా అందదు. రాత్రిపూట ఆ పక్కకి ఒత్తిగిలితే ప్రాణం పోయినంత పని! 'ఫ్రోజెన్‌ షోల్డర్‌' బాధితుల కష్టాలివి. నలభై నుంచి అరవై ఏళ్లవారిలో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ. మధుమేహం ఉంటే ముప్పు మరింత. 1934లో ఈ పేరు పెట్టింది అమెరికా వైద్యుడు కాడ్‌మన్‌.

మాత్రలతో నొప్పి తగ్గొచ్చుగానీ బిగుసుకున్న కీలు సాగాలంటే వ్యాయామం తప్పదు. చిక్కల్లా అక్కడే. అల్వాల్‌ నుంచో మౌలాలి నుంచో బస్సెక్కి, రాడ్డు పట్టుకుందామంటే చెయ్యి లేవక, ఒంటిచేత్తో వేలాడుతూ సికింద్రాబాద్‌లో ఫిజియోథెరపీకి రోజూ తిరగడం ఎందరివల్ల అవుతుంది? ఇంట్లో చెయ్యమని కాగితం మీద గీసిచ్చిన బొమ్మల్లో ఏ చెయ్యి ఎటో అంతుబట్టదు.

ఫోన్లో వీడియో పాఠాలు అక్కరకొచ్చేది ఇక్కడే. బ్రిటన్‌లో భుజం కండరాల నొప్పి ఉన్న 708 మందిపై ఓ పరిశోధన చేశారు. కొందరికి ఫిజియోథెరపిస్టులు ఆరుసార్లదాకా దగ్గరుండి చేయించారు. మరికొందరికి ఒక్కసారే కూర్చోబెట్టి చెప్పి, పుస్తకం, వీడియోలు ఇచ్చి పంపారు. ఏడాదిలో రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదట! 2021లో 'లాన్సెట్‌' పత్రికలో వచ్చిందీ సంగతి. అలాగని ఆ ఒక్కసారి కూడా వెళ్లకుండా యూట్యూబ్‌ని నమ్ముకుంటే కష్టం. ఫ్రోజెన్‌ షోల్డర్‌లో మీ చేతిని ఎవరెత్తినా పూర్తిగా లేవదు. కండరం చిరిగితే మీరు ఎత్తలేకపోయినా డాక్టరు ఎత్తితే లేస్తుంది. రెంటికీ వ్యాయామం ఒకటి కాదు. మెడనరం నొప్పి కూడా భుజంలోకే దిగుతుంది. ఎడమభుజం నొప్పితోపాటు ఛాతీ బరువు, చెమటలు ఉంటే వీడియో కాదు, వెంటనే ఆసుపత్రి.

ఫ్రోజెన్‌ షోల్డరేనని తేలాక మొదటిపాఠం తేలికే. బాగున్న చేతిని బల్లమీద ఆనించి ముందుకి వంగాలి. రెండో చేతిని గడియారం లోలకంలా వేలాడదీసి నెమ్మదిగా ఊపాలి. కాడ్‌మన్‌ పేరుతోనే పిలుస్తారు దీన్ని. తర్వాత గోడ మీద వేళ్లని సాలీడులా పైకి పాకించడం. చేస్తుండగా కాస్త నొప్పి పర్వాలేదు, రాత్రికీ తగ్గకపోతే మోతాదు మించినట్టే. వీడియోలో కుర్రాడు చేతిని వీపు వెనక్కి లాగేస్తున్నాడని మీరూ లాగొద్దు, మొదటి నెలల్లో అది నొప్పిని పెంచుతుంది.

ఫోన్‌ని దేనికైనా ఆనించి పెట్టుకోండి. చేత్తో పట్టుకుని చూద్దామంటే రెండోది లేవదు కదా! గోడ మీద వేలు ఎక్కడిదాకా పాకిందో ఆదివారం ఆదివారం పెన్సిల్‌తో గీత పెట్టండి, పిల్లల ఎత్తు కొలిచినట్టు. పూర్తిగా సర్దుకోవడానికి ఏడాది, ఒక్కోసారి రెండు మూడేళ్లూ పట్టొచ్చు. గీతలు దగ్గరదగ్గరగానే పడతాయి మరి.