మీకు తెలుసా? అల్ఫారెట్టా జీతం ఏ దేశం లెక్కలోకి?

తలసరి జాతీయాదాయాన్ని బట్టి ప్రపంచ బ్యాంకు దేశాలను నాలుగు వర్గాలు చేసి, ఏటా జూలై 1న జాబితా సవరిస్తుంది. 2024 జూలై జాబితా ప్రకారం 14,005 డాలర్లు దాటితే అధికాదాయ దేశం. 1,145 దాటకపోతే అల్పాదాయ దేశం. అమెరికా అధికాదాయ వర్గంలో ఉంది. 2007 లెక్కలతో అట్టడుగు నుంచి బయటపడ్డ భారత్ ఇంకా దిగువ మధ్యాదాయ దేశమే.

అసలు విశేషం వేరే ఉంది. అమెరికాలోని అల్ఫారెట్టాలో స్థిరపడ్డ గుంటూరు ఇంజినీరు జీతం అమెరికా ఆదాయం. అందులోంచి అమ్మానాన్నల మందులకు పంపే డబ్బు భారత జాతీయాదాయంలో చేరదు, దాన్ని బదిలీగానే రాసుకుంటారు. ఎన్నో ఇళ్లను నిలబెడుతున్న సొమ్మును పక్కన పెట్టే ఈ కొలతను ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. అదే డబ్బుతో ఊళ్లో ఇల్లు కడితే మాత్రం, తాపీమేస్త్రీకి ముట్టే కూలి భారత్ లెక్కలోకే వస్తుంది.