నివాసపు వీధులలో వాహనముల వేగము

నడక ఆరోగ్యమునకు మంచిదని చెప్పని వైద్యుడు లేడు. పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెననియు, బాలబాలికలు దినమునకు సగటున 60 నిమిషములు ఒడలు కదలునట్టి ఆటలలో గడుపవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. మన దేశమున మధుమేహ రోగులు పది కోట్లకు మించియున్నట్లు భారత వైద్య పరిశోధనా మండలివారి సర్వే 2023లో వెల్లడించినది. ఇట్టి స్థితిలో జనులను నడువుడని బోధించుట సులభమే. కాని గుమ్మము దాటగానే మోటారు సైకిళ్లు దూసికొనిపోవు వీధిలో ఎవరు నడతురు? పాలు తెచ్చుటకు తాతగారు మనుమని బండి వెనుక కూర్చుండి పోవుదురు. రెండు వీధుల కవతల నున్న బడికి పిల్లవాడు ఆటోలో పోవును. దీనికి కారణము సోమరితనము కాదు, భయము.

ఆ భయము నిరాధారమని చెప్పజాలము. 2022లో మన దేశపు రోడ్లపై ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో 32,825 మంది కాలినడకను పోవుచుండినవారే.

వేగము కొంచెము పెరిగిన అపాయమును కొంచెమే పెరుగునని పలువురు తలంతురు. అది సరికాదు. బండి తాకినపుడు దెబ్బలోని శక్తి వేగము యొక్క వర్గము ననుసరించి పెరుగును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవు కారు కంటె 50 కిలోమీటర్ల వేగమున పోవు కారుకు ఆ శక్తి దాదాపు మూడు రెట్లు. బంతి వెంట ఒక బాలుడు హఠాత్తుగా వీధిలోనికి వచ్చెననుకొందము. డ్రైవరు వానిని చూచి బ్రేకు తొక్కునప్పటికి ఒక సెకను పట్టును. 30 వేగమున నున్న కారు ఆ సెకనులో 8 మీటర్లు సాగి, పొడి రోడ్డుపై బ్రేకులు మంచివైనచో, మరి 5 మీటర్లలో నిలిచిపోవును. 50 వేగమున నున్న కారు ఆ మొదటి సెకనులోనే 14 మీటర్లు సాగును. అనగా మొదటి కారు నిలిచిపోయిన చోటికి రెండవ కారు చేరునప్పటికి దాని బ్రేకు ఇంకను పడియుండదు!

వేగము తగ్గించినచో కాలము వృథా యగునని ఆక్షేపణ కలదు. అర కిలోమీటరు వీధిని 50 వేగమున దాటుటకు 36 సెకనులు, 30 వేగమున దాటుటకు 60 సెకనులు పట్టును. భేదము 24 సెకనులు మాత్రమే.

వీధిలోని వాహనములు ఇరుగుపొరుగుల పొత్తును సైతము చెరచును. 1969 ప్రాంతమున డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అను ఆచార్యుడు అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున మూడు వీధులను పరిశీలించెను. దినమునకు 2,000 బండ్లు పోవు వీధిలో ఒక్కొక్కరికి ఆ వీధిలోనే సగటున ముగ్గురు స్నేహితులుండగా, 16,000 బండ్లు పోవు వీధిలో ఒక్కరైనను పూర్తిగా లేరు. ఇది రద్దీని గూర్చిన పరిశోధనయే; అయినను వేగము తగ్గిన వీధిని అడ్డదారిగా వాడుకొనుటకు పరాయి బండ్లు అంతగా ఇష్టపడవు గనుక రద్దీయు తగ్గును. ఆ ఆచార్యుడే 1982లో ఏథెన్సు నగరమున కారు ఢీకొని మరణించుట విషాదకరము.

ఈ విషయమున ముందడుగు వేసిన దేశము హాలెండు. డెల్ఫ్ట్ నగరమున ఇండ్ల నడుమ వీధులను చెట్లతోను, వంపులతోను, అరుగులతోను పెరడువలె తీర్చి, వానిలో బండ్లు నడక వేగమున మాత్రమే పోవలెనని నియమించిరి. 1976లో దీనికి చట్టబద్ధత కలిగినది. ఆస్ట్రియాలోని గ్రాట్జ్ నగరము 1992లో ప్రధాన రోడ్లను మినహాయించి, తక్కిన వీధులన్నిటికిని 30 కిలోమీటర్ల పరిమితి విధించినది.

బోర్డు పాతినంత మాత్రమున వేగము తగ్గదు. విశాలముగా, తిన్నగా నున్న రోడ్డు బోర్డుకంటె గట్టిగా మాటలాడును! కావున వీధి రూపమునే మార్చవలెను: మూలల యందు మలుపు ఇరుకుగా నుండవలెను, బడి యెదుట దాటు చోటును కాలిబాట ఎత్తునకు లేపవలెను. మనవారికి తెలిసిన ఉపాయము స్పీడు బ్రేకరు ఒక్కటే. ప్రమాదము జరిగిన మరునాడు వాడవారే సిమెంటుతో పోసిన ఇరుకైన గట్టు మేలుకంటె కీడే చేయును. సైకిలువాడు పడిపోవును, వృద్ధుల నడుము పట్టుకొనును, గర్భిణి ఎక్కిన ఆటో ఎగిరిపడును. భారత రోడ్ల కాంగ్రెసు 1988లో సూచించిన గట్టు వేరు. దాని ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. గుండ్రని వీపుగల ఆ గట్టును 25 వేగమున ఇబ్బంది లేక దాటవచ్చును. దానిపై నలుపు తెలుపు పట్టెలు వేయవలెను. 40 మీటర్ల ముందుగానే హెచ్చరిక బోర్డు నిలుపవలెను.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 112వ సెక్షను ప్రకారము, నిర్ణీత ప్రాంతములలో వేగపరిమితిని తగ్గించు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు కలదు. వీధి నిర్మాణము పురపాలక సంఘము పని. వాడలోనివారు కలిసి అర్జీ పెట్టుకొనునపుడు, ఏ వేళలందు బడిపిల్లలు రోడ్డు దాటుదురో, ఏ మలుపున గోడ అడ్డమై వచ్చు బండి కనబడదో, రాత్రివేళ ఏ స్తంభమునకు దీపము లేదో వ్రాసి, వీధి పటమొకటి చేతితోనైనను గీసి జతపరచినచో ఇంజనీరుకు ఉపయోగపడును.