కానాగంతకు సున్నా మార్కులు

పోర్ట్ క్లాంగ్ వెళ్ళి చేప తినాలనుకునేవాళ్ళకు ముందుగా ఒక శుభవార్త. అక్కడి ఇకాన్ బకార్ హోటళ్ళలో చేపల పేర్లు తెలియకపోయినా పూట గడిచిపోతుంది. మలయ్ భాషలో "ఇకాన్" అంటే చేప, "బకార్" అంటే కాల్చడం. ఐసు పరిచిన బల్ల మీద చేపలు వరసగా పడుకుని ఉంటాయి. మనం వేలు పెట్టి చూపిస్తే వాళ్ళు తూకం వేసి, వంద గ్రాములకు ఇంత అని లెక్క కట్టి, ఎలా కాల్చమంటారని అడుగుతారు. (తూకం వేశాక ధర అడగడం కంటే ముందే అడగడం మంచిది. స్వానుభవం!) కొర్రమీను, బొచ్చె, రవ్వ తప్ప నాలుగో చేప పేరు తెలియని నాలాంటి నల్గొండ వాడికి ఇంతకంటే ఏం కావాలి?

కానీ ఈసారి మేము అక్కడికి వెళ్ళిందే ఒక చేప పేరు మూలంగా.

వారం రోజులూ కంప్యూటర్లతో కుస్తీ పట్టే నేను, ఆదివారం పొద్దున మాత్రం మన పిల్లలకు తెలుగు చెబుతాను. నా పాండిత్యం చూసి ఎవరూ పిలవలేదు లెండి. అంతకుముందు చెప్పే ఆయనకు సింగపూర్ బదిలీ అయింది, మీటింగులో ఆ రోజు నేను ముందు వరసలో కూర్చున్నాను, అంతే. ఆ మధ్య ఒకసారి హోంవర్కు ఇచ్చాను. పది పూల పేర్లు, పది పక్షుల పేర్లు, పది చేపల పేర్లు రాసుకు రమ్మని. మా క్లాసులో పదేళ్ళ పాప ఒకతి ఉంది. వాళ్ళు మనలా వీసా మీద వచ్చినవాళ్ళు కారు. నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న మలేషియా తెలుగువాళ్ళు. వాళ్ళ నాన్న నాతో పాటు ఒకే ప్రాజెక్టులో పనిచేస్తారు. ఆ పాప రాసిన చేపల్లో ఏడోది "కానాగంత".

నేనెప్పుడూ వినలేదు. మలయ్ మాటకు తెలుగు లిపి తొడిగిందనుకున్నాను. ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేసి, పక్కన "ఇది తెలుగు కాదు" అని రాసి, పదికి తొమ్మిది వేశాను. తొమ్మిది మంచి మార్కే కదా అని మరిచిపోయాను కూడా.

తర్వాతి ఆదివారం పాప రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. జ్వరమేమో అనుకుని ఆఫీసులో వాళ్ళ నాన్నను అడిగితే ఆయన కాసేపు నసిగి, అసలు సంగతి చెప్పారు. ఆ చేప పేరు పాపకు చెప్పింది వాళ్ళ నాన్నమ్మట. నోటుబుక్ చూసుకుని, "నాన్నమ్మ మాట్లాడేది తెలుగు కాదా నాన్నా?" అని అడిగిందట. ఆ రోజు నుంచీ ఇంట్లో ఆవిడ తెలుగులో పలకరిస్తే పాప ఇంగ్లీషులో జవాబిస్తోందట.

నాకు నోట మాట రాలేదు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి క్షమించమన్నాను. అవతల నుంచి పెద్దావిడ నవ్వు వినిపించింది. ఈ శనివారం పోర్ట్ క్లాంగ్‌లో చేప తిందాం, పిల్లల్ని తీసుకుని రమ్మన్నారు. ఇది ఆహ్వానమో శిక్షో నాకు అర్థం కాలేదు. మా ఆవిడ మాత్రం "వెళ్ళాల్సిందే" అంది.

కౌలాలంపూర్ నుంచి పోర్ట్ క్లాంగ్ నలభై కిలోమీటర్ల లోపే. కారు లేనివాళ్ళు కేటీఎం కమ్యూటర్ రైలెక్కి చిట్టచివరి స్టేషన్ పెలబుహాన్ క్లాంగ్‌లో దిగొచ్చు. పీతల దీవి పులావ్ కెతామ్‌కు పడవలు బయలుదేరే జెట్టీ కూడా ఆ పక్కనే. మేము కార్లో ఫెడరల్ హైవే మీదుగా షా ఆలం, క్లాంగ్ దాటుకుంటూ వెళ్ళాం. క్లాంగ్ దాటాక రోడ్డు నిండా కంటైనర్ లారీలే. 2023లో ఈ రేవు నుంచి కోటీ నలభై లక్షలకు పైగా కంటైనర్లు చేతులు మారాయి. (ఇరవై అడుగుల పెట్టె ఒకటిగా లెక్క.) ఉద్యోగరీత్యా ఈ పెట్టెల లెక్కలు చూసే సాఫ్ట్‌వేరుతోనే నా కాపురం కాబట్టి, దారి పొడుగునా పిల్లలకు ఉపన్యాసం దంచాను. వాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు.

ఒక్క కథ మాత్రం విన్నారు. 1901లో ఈ రేవు తెరిచినప్పుడు దీని పేరు పోర్ట్ స్వెటెన్‌హామ్. పోర్ట్ క్లాంగ్ అన్నది 1972లో వచ్చిన పేరు. తెరిచిన రెండు నెలలకే మలేరియా విరుచుకుపడి, రేవు మూసేసే పరిస్థితి వచ్చింది. అప్పుడు మాల్కమ్ వాట్సన్ అనే కుర్ర డాక్టరు మడ అడవిని కొట్టించి, బురద నీళ్ళకు కాలువలు తవ్వించి, దోమను కట్టడి చేశాడు. ఆ జబ్బుకు దోమే మూలమని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది ఎక్కడనుకున్నారు? అంతకు నాలుగేళ్ళ ముందు, 1897 ఆగస్టులో, మన సికింద్రాబాద్‌లో! "అయితే ఈ రేవు బతికింది హైదరాబాద్ దోమ పుణ్యమేనన్నమాట" అన్నాడు మావాడు.

మేము వెళ్ళిన చోటు నార్త్‌పోర్ట్ పక్కన తంజుంగ్ హరపాన్. తంజుంగ్ అంటే సముద్రంలోకి చొచ్చుకొచ్చిన నేల, హరపాన్ అంటే ఆశ. క్లాంగ్ నది సముద్రంలో కలిసేది ఈ దగ్గర్లోనే. ఎదురుగా దీవులు అడ్డం ఉండడంతో ముందున్న నీళ్ళు నదివో సముద్రానివో చెప్పడం కష్టం. రేకుల కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు, గాలికి లేచిపోయే బల్లగుడ్డ. పెద్ద హంగేమీ లేదు. కానీ పళ్ళెం ముందు పెట్టుకుని తలెత్తితే, పది అంతస్తుల మేడంత ఓడ చప్పుడు లేకుండా మన పక్క నుంచే జారిపోతుంటుంది. ఆ బొగ్గుల పొగ, ఉప్పుగాలి, కాలుతున్న అరిటాకు వాసన కలిసి వస్తుంటే ఎంతటివాడికైనా ఆకలి వేయాల్సిందే.

పెద్దావిడ మాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. ఎనభై దాటాయి. చీర, నుదుట కాసంత బొట్టు, చేతిలో చిన్న సంచీ. పాప ఆవిడ కొంగు చాటున కూర్చుని నా వంక చూడలేదు. నేను "అమ్మా, తప్పయిపోయింది" అని మొదలుపెట్టబోతే ఆవిడ చేత్తో ఆపేశారు. "ముందు సేపలు ఏరుదాం రా బాబూ. కడుపు ఖాళీగా ఉంటే మాటలు పుల్లగా వస్తాయి."

ఐసు బల్ల దగ్గర ఆవిడ వెనక నేను, నా వెనక పిల్లలు. సియాకప్ చూపించి "పండుగప్ప" అన్నారు. ఆ పేరు విన్నాను, హమ్మయ్య అనుకున్నాను. ఆ పక్కన జానెడు పొడవున, వీపు ఆకుపచ్చగా, పొట్ట వెండిలా మెరుస్తున్న చేపల కుప్ప ఉంది. ఇక్కడివాళ్ళు కెంబుంగ్ అంటారు. ఏ బజారులో చూసినా ఉండేదే, రోజూ చూస్తూ ఎప్పుడూ కొననిది. ఆవిడ ఒకదాన్ని తోక పట్టి ఎత్తి, "ఇదే బాబూ కానాగంత" అన్నారు. పాప మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

ఇకాన్ బకార్ కాల్చడంలో పద్ధతులు రెండు మూడున్నాయి. పెద్ద చేపనైతే అరిటాకులో పరిచి, ఎండుమిర్చి, చిన్న ఉల్లిపాయలు, చింతపండు, బెలచాన్ కలిపి నూరిన సంబల్ పైన దట్టంగా పట్టించి పెనం మీద పెడతారు. ఆకు మాడుతుంది కానీ లోపలి చేప ఆరిపోదు. బెలచాన్ అంటే రొయ్యపొట్టును ఉప్పేసి ఊరబెట్టి దంచిన ముద్ద. దాని వాసనకు అలవాటు పడడానికి నాకు రెండేళ్ళు పట్టింది. కెంబుంగ్‌కు ఈ ఆర్భాటం అక్కర్లేదు. ఉప్పు, పసుపు రాసి నేరుగా నిప్పుల మీద పెట్టేస్తారు. దానిలో ఉన్న నూనే దానికి చాలు. పక్కన ఆయిర్ ఆసామ్ అని చింతపండు పులుసులాంటిది ఇస్తారు, పచ్చి ఉల్లి, మిరపకాయ ముక్కలతో. మన పచ్చిపులుసుకు మేనత్త కూతురు!

శనివారం మా ఆవిడ నీసు ముట్టదు. ఆమెకోసం కాంగ్‌కుంగ్ చెప్పాం. మన తూటికూరే. అన్నట్టు శాకాహారులు ఇది చెప్పేటప్పుడు జాగ్రత్త. మామూలుగా అందులోనూ బెలచాన్ వేస్తారు. అది వద్దని, వెల్లుల్లితో చేయమని గట్టిగా చెప్పాలి.

మగ్రిబ్ నమాజు వేళకు హోటల్లో కాసేపు సందడి తగ్గింది. నీళ్ళ మీద వెలుతురు ఎర్రబడింది. అప్పుడు పెద్దావిడ, నేనడక్కుండానే, వాళ్ళ నాన్న సంగతి చెప్పారు.

ఆయనది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు పల్లె. మద్రాసులో ఓడెక్కి, పెనాంగ్ మీదుగా ఈ రేవులోనే దిగారట. 1938లో భారత ప్రభుత్వం తోట కూలీలను పంపడం ఆపేసే ముందు వచ్చిన ఆఖరి జనంలో ఆయనొకరు. ఏ ఓడో ఆవిడకు తెలియదు. 1926 నుంచి దాదాపు యాభై ఏళ్ళపాటు ఈ దారిన మనుషుల్ని మోసిన "రజులా" కావచ్చు, కాకపోవచ్చు. ఇక్కడి నుంచి పేరాక్ రాష్ట్రంలో కొబ్బరితోటకు తీసుకెళ్ళారు. ఆవిడ పుట్టింది అక్కడే. మూడో తరగతి దాకా తోట బడిలో తెలుగు చదివారు. సీకాకుళం ఎప్పుడూ చూడలేదు.

"మా అయ్యకు ఈ దేశంలో ఏటీ తెలీదు బాబూ. సెట్టు పేరు తెలీదు, పిట్ట పేరు తెలీదు. ఓ పాలి సంతకెళ్తే ఈ సేప కనిపించిందట. 'ఓసి నీ... నాకంటే ముందే వచ్చీసేవా' అని దాంతో మాటాడేడట. మా యమ్మ నవ్వీది. జీతం వచ్చిన రోజు మాయింట్లో కానాగంత పులుసే." ఆవిడ ముల్లు తీసి పాప పళ్ళెంలో పెడుతూ అన్నారు, "నాకు ఆ ఊరి నుంచి వచ్చిన మాటలు కొన్నే. అందులో ఇదొకటి."

నేను మింగుతున్న ముద్ద గొంతులో ఆగింది. 1955లోనే మలయా ఆంధ్ర సంఘం పెట్టుకుని, తోటల్లో చీకట్లో దీపాలు పెట్టుకుని అక్షరాలు నేర్చుకున్న మనుషుల ఇంటి మాటను, నిన్న కాక మొన్న లాప్‌టాప్ బ్యాగుతో దిగిన నేను ఒక్క గీతతో కొట్టేశాను.

ఇంతలో మావాడు ఫోన్ నా ముందుకు తోశాడు. "నాన్నా, కెంబుంగ్ శాస్త్రీయ నామం చూడు." కెంబుంగ్ అని ఇక్కడ పిలిచేవాటిలో రెండు మూడు రకాలున్నాయి. అందులో ఒకదాని పేరు "రాస్ట్రెల్లిగర్ కానగుర్తా".

నేను రెండుసార్లు చదివాను. లాటిన్ తోకకు మన కానాగంత! ఆ రాత్రి ఇంటికెళ్ళి కూపీ లాగితే కథ పూర్తిగా దొరికింది. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. పాముల మీద పరిశోధన చేసినవాడు. ఇంగ్లీషులో రక్తపింజరికి ఆయన పేరే పెట్టారు. ఆయన విశాఖ రేవులో దొరికే రెండు వందల చేపల బొమ్మలు గీయించి, స్థానికులు పిలిచే పేర్లతో సహా 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. అందులో ఒకటి కానగుర్తా. 1816లో ఫ్రాన్సుకు చెందిన కువియే ఆ పేరునే శాస్త్రీయ నామంగా ఖాయం చేశాడు. అంటే ప్రపంచంలో ఎక్కడ ఎవరు ఈ చేప గురించి శాస్త్రపత్రం రాసినా విశాఖ జాలరి నోటి మాట రాయక తప్పదు. నల్గొండ మాస్టారు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా!

హోటల్లో ఇదంతా తెలియదు కాబట్టి, ఫోన్లో ఉన్న ఆ రెండు మాటలనే పాపకు చదివి వినిపించాను. "నీదే రైటమ్మా. నాదే తప్పు" అన్నాను. పాప ఫోన్ తీసుకుని తనే కూడబలుక్కుని చదివింది. తర్వాత నాన్నమ్మ చెవిలో ఏదో తెలుగులో చెప్పింది. ఆవిడ పగలబడి నవ్వారు. ఏమిటని అడిగితే చెప్పలేదు.

"ఇప్పుడు పదికి పది ఇచ్చినట్టేనా?" అన్నాను. పాప తల అడ్డంగా ఊపింది. "నోటుబుక్‌లో దిద్దాలి అంకుల్."

ఆదివారం వచ్చింది, నోటుబుక్ పట్టుకుని. ఎర్ర గీత పక్కన "ఇది తెలుగే" అని రాసి సంతకం పెట్టాను. మార్కులు మార్చబోతుంటే, వెనక బెంచీలో కూర్చున్న మావాడు తొంగి చూసి, "నాన్నా, తొమ్మిదోది తిమింగలం అని రాసింది. అది చేప కాదు, క్షీరదం. నువ్వు రైటు కొట్టావు" అన్నాడు. నిజమే. కానాగంతను కొట్టేసిన రోజునే తిమింగలానికి మార్కు వేశాను. లెక్క ప్రకారం మళ్ళీ తొమ్మిదే.

పాప నా వంక చూసింది. నేను మావాడి వంక చూశాను. పది వేశాను.