టీకా, తాత్పర్యము

మన భాషలో టీకా అను మాటకు రెండర్థములు కలవు. కావ్యమునకు పండితులు వ్రాయు వ్యాఖ్య ఒకటి. పసివాని జబ్బకు వేయించు సూది రెండవది. మొదటిదానికి మనవారు ఎప్పుడును తాత్పర్యమును జతచేయుదురు. ‘టీకాతాత్పర్య సహితము’ అని గ్రంథముల అట్టలపై అచ్చువేయుట మనకు వాడుక. ప్రతిపదమునకు అర్థము చెప్పి, పద్యము మొత్తముమీద చెప్పునదేమో విప్పి చూపనిదే చదువరికి తృప్తి కలుగదు. రెండవ టీకాకు మాత్రము తాత్పర్యము చెప్పువారు అరుదు. తల్లి బిడ్డను ఒడిలో పెట్టుకొని వరుసలో కూర్చొనును, సూది పడును, బిడ్డ గుక్కపట్టి ఏడ్చును, కార్డుమీద తేదీ పడును, తల్లి ఇంటికి పోవును. ఆ రాత్రి బిడ్డ ఒళ్లు కాలినప్పుడు, ఎందుకు కాలుచున్నదో ఆమెకు చెప్పువారెవరు? పొరుగింటివారు చెప్పుదురు. చేతిలోని ఫోను చెప్పును. చెప్పవలసినవారు తాత్పర్యము చెప్పక విడిచిన చోట, తెలియనివారు తమకు తోచినది వ్రాసిపెట్టుదురు. టీకాలను గూర్చిన వదంతుల చరిత్రలో అధికభాగము ఈ ఒక్క మాటలో ఇమిడియున్నది.

వదంతి ఫోనుతో పుట్టినది కాదు. 1796 మే 14వ తేదీన ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ అను వైద్యుడు, పాలుపిండు స్త్రీ చేతిమీది గోమశూచి పొక్కునుండి రసి తీసి, ఎనిమిదేండ్ల బాలుని చేతికి ఎక్కించినాడు. తరువాత అదే బాలునికి అసలు మశూచి రసి ఎక్కించి చూడగా రోగము రాలేదు. ఈ విద్య ప్రచారములోనికి వచ్చిన కొలది యేండ్లకే, 1802లో, జేమ్స్ గిల్‌రే అను వ్యంగ్యచిత్రకారుడు ఒక బొమ్మ వేసినాడు. అందు టీకాలు వేయించుకొన్నవారి ఒంటినుండి ఆవులు మొలచుకొని వచ్చుచుండును. పశువు రసి ఒంట పడిన మనిషి పశువగునేమో అను భయమును అది వెక్కిరించినది. నాగరకమని పేరుపడిన లండను నగరముననే అట్లుండగా, టీకాలవానిని చూచి పిల్లలను లోపలికి లాగుకొన్న మన పల్లెతల్లులను మూఢురాండ్రని నవ్వుటకు మనకు హక్కులేదు.

పైగా ఆ భయములో నిజముపాలు బొత్తిగా లేకపోలేదు. ఆ కాలమున టీకామందు సీసాలలో దొరకునది కాదు. ఒక బిడ్డ చేతిమీద పొంగిన పొక్కునుండి రసి తీసి మరియొక బిడ్డకు, ఆ బిడ్డనుండి ఇంకొక బిడ్డకు ఎక్కించుచు పోవలెను. 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల పిల్లకు వేసినది భారతదేశమున ఫలించిన మొదటి టీకా. ఆ పసిచేతి పొక్కునుండియే మందు ఇతర ప్రాంతములకు బయలుదేరినది. చేతినుండి చేతికి నడచు ఈ పద్ధతిలో మేలుతోపాటు ఇతర రోగములును నడచి పోవచ్చును. 1861లో ఇటలీలోని రివాల్టా అను ఊర ఇట్లు టీకాలు వేయగా పలువురు పసివారికి సవాయి రోగము అంటుకొన్నది. 1898లో ఇంగ్లండు ఆ పద్ధతిని మాన్పించి దూడలనుండి తీసిన మందును వాడుకలోనికి తెచ్చినది. మనస్సు ఒప్పని తల్లిదండ్రులకు మినహాయింపు నిచ్చినదియు ఆ యేటి చట్టమే. జనుల భయములో నిజమైన భాగమును చెవినబెట్టుట వలన ఆ విద్య నశింపలేదు, బాగుపడినది.

ఇక మన మద్రాసు రాజధాని సంగతి. ఇంట అమ్మవారు పోసినదన్న, గుమ్మమునకు వేపకొమ్మ కట్టి, తాలింపు మాని, చల్లని నైవేద్యము పెట్టుట మనవారి ఆచారము. తల్లి వచ్చిన ఇంట సూది ఏమిటని జనులు జంకినారు. వారిని ఒప్పించుటకు ఒక వింత ఉపాయము పుట్టినది. ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ పేరు మన సాహిత్యలోకము ఎరిగినదే. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు చేర్చిన వ్యాసములో, తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములతో కూడిన వేరొక కుటుంబమునకు చెందినదనియు చూపిన పండితుడు ఆయన. ఆ ఎల్లిసే టీకాలను సమర్థించు సంస్కృత శ్లోకములను తానే కూర్చి, పాత కాగితముమీద వ్రాయించి, ప్రాచీనములని నమ్మించుటకు పూనుకొన్నట్లు ఆ కాలపువారే వ్రాసియుంచినారు. 1819లో మద్రాసు కొరియర్ పత్రికలో, ధన్వంతరి పేరు తగిలించిన ‘శాక్తేయ గ్రంథము’ నుండి ఇట్టి మాటలే వెలువడినవి. ఆవు పొదుగుమీది పొక్కు రసి మహిమ మన పూర్వులకు ముందే తెలియునని వాటి సారాంశము.

ఉద్దేశము మంచిదే. కాని మాట కల్పితము. మంచికొరకు పుట్టించిన అబద్ధమైనను పుట్టించినవాని చెప్పుచేతలలో ఉండదు. ఆ శ్లోకములు నిజమని నమ్మి ప్రమాణముగా చూపినవారు తరువాత ఎందరో బయలుదేరినారు. మశూచిని జయించినవి మాత్రము ఆ శ్లోకములు కావు. ఇంటింటికి తిరిగి రోగిని వెదకి, చుట్టుప్రక్కలవారందరికిని టీకాలు వేసిన కార్యకర్తలు జయించినారు. 1975లో మన దేశము మశూచినుండి విముక్తి పొందినది. 1980 మే 8వ తేదీన ప్రపంచమంతటికిని ఆ విముక్తి ప్రకటింపబడినది.

అబద్ధము చెప్పి మేలు చేయుట ఒక మార్గమైతే, నిజము ఒప్పుకొని మేలు చేయుట మరియొక మార్గము. అందుకు అమెరికా సాక్ష్యము చాలును. 1955 ఏప్రిల్ 12వ తేదీన జోనాస్ సాల్క్ కనిపెట్టిన పోలియో టీకా సురక్షితమని ప్రకటించినారు. గుడులలో గంటలు మ్రోగినవి. ఆ నెల ముగియకమునుపే, కాలిఫోర్నియాలోని కట్టర్ ప్రయోగశాల తయారుచేసిన మందులో చావవలసిన వైరస్ చావక మిగిలియున్నట్లు తెలిసినది. ఆ మందు వలన సుమారు 200 మందికి అవయవములు చచ్చుబడినవి. 10 మంది మరణించినారు. ప్రభుత్వము దానిని దాచలేదు. ఆ మందును వెనుకకు రప్పించి, టీకాలను కొంతకాలము ఆపి, తయారీదారులనందరిని పరీక్షించి, నియమములను బిగించి, మరల సాగించినది. తప్పు ఎక్కడ జరిగినదో జనులకు తెలిసినందున టీకా నిలిచినది.

ఇందుకు ప్రతిపక్షముగా ఇంగ్లండులో జరిగిన కథ చూడుడు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా అను మూడింటికి కలిపి ఒక టీకా కలదు. 1998 ఫిబ్రవరిలో లాన్సెట్ అను పేరుమోసిన వైద్యపత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అను వైద్యుడు, మరి కొందరితో కూడి, 12 మంది పిల్లలను గూర్చి వ్యాసము ప్రకటించి, ఆ టీకాకును ఆటిజమునకును సంబంధము కలదేమో అను అనుమానమును లోకమున విడిచినాడు. పన్నెండేండ్లకు, 2010లో, పత్రిక ఆ వ్యాసమును ఉపసంహరించినది. వైద్యుల పట్టికనుండి ఆయన పేరు కొట్టివేయబడినది. ఆ నడుమ ఎందరో తల్లిదండ్రులు టీకా మానిపించినారు. 2013లో వేల్సులోని స్వాన్సీ ప్రాంతమున వేయిమందికి పైగా తట్టు సోకినది. 2019లో డెన్మార్కువారు 6,57,461 మంది పిల్లలను పరిశీలించి, టీకా వేసినవారిలోను వేయనివారిలోను ఆటిజమున భేదము లేదని తేల్చినారు. పన్నెండుమంది కథ ఎక్కడ, ఆరున్నర లక్షలమంది లెక్క ఎక్కడ! అయినను కథ పరుగెత్తినంత వేగముగా లెక్క నడువలేదు.

ఎందుచేత? మన తర్కశాస్త్రము దీనికి ఏనాడో పేరు పెట్టినది: కాకతాళీయ న్యాయము. కాకి వ్రాలినది, తాటిపండు రాలినది. చూచినవాడు కాకియే పండును రాల్చినదనును. ఆటిజము లక్షణములు తల్లిదండ్రుల కంట పడునది తరచుగా బిడ్డకు రెండవయేడు నడుచునప్పుడు. ఆ టీకా వేయునదియు ఇంచుమించు అప్పుడే. లక్షలమంది పిల్లలకు సూది వేసినప్పుడు, ఆ వారమున వేరు కారణముచేత జబ్బుపడు బిడ్డలును అందు ఉండియే తీరుదురు. కాకి వ్రాలని చెట్లక్రిందను పండ్లు అన్నియే రాలుచున్నవా అని లెక్కించుటయే దీనికి విరుగుడు. కాని బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి తర్కము చెప్పుట సులభము కాదు. ముందుగా ఆమెతో ఎవరైనను మాటాడియుండవలెను.

అట్లు మాటాడకపోవుట ఎంత చేటో చూపు ఉదాహరణ మన తెలుగుగడ్డ మీదనే కలదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు మన దేశమున ఏటా 70 వేలకు పైగా స్త్రీలను బలిగొనుచున్నది. దానిని నివారించు హెచ్‌పీవీ టీకాను, 2009లో, నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 మొదలు 14 ఏండ్ల వయసు బాలికలు సుమారు 14 వేలమందికి, ఒక పరిశీలన కార్యక్రమములో భాగముగా వేసినారు. అందు గిరిజన బాలికలు, వసతిగృహములలో చదువుకొనువారు పలువురు. ఖమ్మమునను, ఇట్టి కార్యక్రమమే సాగిన గుజరాత్‌లోని వడోదరలోను కలిపి ఏడుగురు బాలికలు మరణించినారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమమును నిలిపివేసినారు. ఒకరు నీట మునిగి, మరియొకరు పాము కరచి పోయినారనియు, మరణములకు టీకా కారణము కాదనియు ప్రభుత్వ విచారణ తేల్చినది. కాని తల్లిదండ్రులు చేయవలసిన సంతకములు వసతిగృహముల వార్డెన్లు చేసినారనియు, అనుమతి తీసికొన్న తీరు లోపభూయిష్ఠమనియు విచారణలో బయటపడినది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దీనిని తీవ్రముగా ఖండించినది.

ఇచ్చట దోషము సీసాలోని మందుది కాదు, చెప్పని మాటది. టీకా పడినది, తాత్పర్యము లేదు. తన బిడ్డ ఒంట ఏమి ఎక్కించినారో ఎరుగని తండ్రికి, పాము కరచి పోయినదన్నను నమ్మకము కుదురునా? సంతకమడగని చేయి తరువాత నిజము చెప్పినను ఎవరు విందురు? మంచి మందుకు ఇంతకంటె కీడు వదంతికారులు సైతము చేయజాలరు.

ఆలస్యముగా తెలిసిన నిజమును అబద్ధమంత పని చేయునని కోవిడ్ కాలము నేర్పినది. మనలో కోట్లమంది కోవిషీల్డ్ వేయించుకొన్నారు. దాని వలన ఏ కొందరికో రక్తము గడ్డకట్టునని 2021లోనే తెలిసినది. ఆ యేటి మే నెలలో మన జాతీయ సంఘము 26 అనుమానిత సంఘటనలను గుర్తించి, 10 లక్షల మోతాదులకు 0.61 చొప్పున లెక్క ప్రకటించినది. ఆ లెక్క ఎందరి చెవిని పడినది? 2024లో ఇంగ్లండు న్యాయస్థానమున ఆ టీకా మూలసంస్థ ఈ సంగతినే ఒప్పుకొన్నదని వార్త రాగా, దాగిన గుట్టు బయటపడినట్లు ఊరూర గగ్గోలైనది. ఆ చిక్కు టీకా తర్వాత కొలది వారములలోపుననే తలయెత్తునది. మూడేండ్లనాడు వేయించుకొన్నవారు దానికి వెరవ పనిలేదు. ఈ రెండవ మాట ఫోనులలో తిరుగలేదు. ఆ యేండ్లలో ఆకస్మికముగా పోయిన ప్రతి పడుచువాని పేరును టీకా ఖాతాలో వ్రాయబడినది.

కనుక చేయవలసినదేమి? కొత్త శాస్త్రమేదియు అక్కరలేదు. మన దేశమున టీకాలు వేయు ఆరోగ్య కార్యకర్తలు ప్రతి తల్లికి నాలుగు మాటలు చెప్పవలెనని నియమము కలదు. ఈ టీకా ఏది, ఏ రోగమును ఆపును. మరల ఎప్పుడు రావలెను. వేసిన తర్వాత ఏ చిన్న బాధలు రావచ్చును, వచ్చిన ఏమి చేయవలెను. కార్డును భద్రముగా ఉంచి మరుసారి తేవలెను. ఇవియే ఆ నాలుగు మాటలు. క్షయ నివారణకు పుట్టిన బిడ్డకు వేయు బీసీజీ టీకా కొన్ని వారములకు పొక్కి, చితికి, మచ్చపడును. అది రోగము కాదు. కోరింతదగ్గు, కంఠసర్పి, ధనుర్వాతములకు వేయు సూదిచోట వాపు, ఒకటి రెండు దినముల జ్వరము సామాన్యము. ఎక్కడనో పది లక్షలకు ఒకరికి ఒళ్లు పట్టని తీవ్రస్థితి రావచ్చును. అందుకే అరగంట అక్కడనే కూర్చొనుమందురు. జ్వరము విడువకున్నను, బిడ్డ మూర్ఛపోయినను, పాలు మానినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. టీకా వేసినవారికి తెలుపవలెను. అట్లు తెలిపినది నమోదై, జిల్లా సంఘము విచారించును. బాధను చెప్పుకొన్న తల్లి టీకాకు శత్రువు కాదు. ఆమె చెప్పినందువలననే రేపటి మందు నేటికంటె నిర్దుష్టమగును.

నిమిషమున నాలుగు మాటలు చెప్పవచ్చును. వరుసలో నలుబదిమంది తల్లులున్న దినమున, ఒంటరి కార్యకర్తకు ఆ నిమిషమే దొరకుట లేదు. ఆమెకు తోడుగా మరియొకరిని నియమించుట ప్రభుత్వము పని. ఫోనుకు వచ్చిన భయవార్తను నలుగురికి పంపుటకు ముందు, ఇది కాకియా, తాటిపండా అని ఒక క్షణము ఆగుట మన పని. పద్యమునకు తాత్పర్యము లేకున్న ఒక పాఠకుడు అపార్థము చేసికొనును, అంతటితో సరి. ఈ టీకాకు తాత్పర్యము లేకున్న, తప్పిన సూదికి బదులుగా తట్టు తగిలిన బిడ్డ ఆ అపార్థమునకు వెల చెల్లించును.