ఇంతకీ నువ్వు ఎటువైపు?

మా ఊళ్లో బస్సు దిగితే రెండు టీ కొట్లు ఎదురెదురుగా కనిపిస్తాయి. రెండింటికీ పాలు పోసేది ఒకే ఇంటి గేదెలు. అయినా ఒక కొట్లో కూర్చునేవాళ్లు రెండో కొట్లో కాలు పెట్టరు. ఏ కొట్లో ఏ పేపరు వేయించుకుంటారో, ఏ బెంచీ మీద ఏ పార్టీ మాట నడుస్తుందో ఊరందరికీ తెలుసు. చదువుకని ఊరొదిలిన నేను చాలా ఏళ్ల తర్వాత ఒకసారి వెళ్లి, బస్సుకు దగ్గరగా ఉన్న కొట్లో టీ తాగాను. పొద్దుగూకేలోపు సంగతి మా పెదనాన్న చెవిన పడింది. "ఒరే అబ్బాయ్, ఇంతకీ నువ్వు ఎటువైపురా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు. అప్పటి నుంచీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

వృద్ధాప్య పింఛను సంగతే చూడండి. 2019 ఎన్నికలకు కొద్ది నెలల ముందు ఆంధ్రప్రదేశ్‌లో అది వెయ్యి నుంచి రెండు వేలైంది. తర్వాత వచ్చిన ప్రభుత్వం విడతలవారీగా మూడు వేలకు తెచ్చింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారి, నాలుగు వేలైంది. పెంచిన ప్రతిసారీ ఒక కొట్లో "ముసలీముతకా కడుపు నింపారు" అన్నారు, ఎదురు కొట్లో "రాష్ట్రాన్ని అప్పుల్లో ముంచుతున్నారు" అన్నారు. ప్రభుత్వం మారగానే ఈ రెండు మాటలూ రోడ్డు దాటి చోటు మార్చుకున్నాయి. మనుషులు మాత్రం ఎవరి బెంచీ మీద వాళ్లే ఉన్నారు. వాళ్లు అబద్ధమాడారని నేననుకోను. రెండుసార్లూ మనసా వాచా నమ్మే అన్నారు. నన్ను కలవరపెట్టింది అదే.

మనమంతా ముందు ఆలోచించుకుని, తర్వాత పార్టీని ఎంచుకున్నామని అనుకుంటాం. మనస్తత్వ శాస్త్రజ్ఞులు తవ్విచూస్తే చాలాసార్లు జరిగేది తలకిందులుగా ఉంది. అమెరికాలో జెఫ్రీ కోహెన్ అనే పరిశోధకుడు 2003లో ఒక అధ్యయనం ప్రచురించాడు. పేదలకు సాయం చేసే పథకాలు రెండు తయారుచేశాడు. ఒకటి ఉదారంగా ఇచ్చేది, ఒకటి బాగా బిగించి ఇచ్చేది. ఏ పార్టీదో చెప్పకుండా విద్యార్థులకు చూపిస్తే ఉదారవాదులు మొదటిదాన్ని, సంప్రదాయవాదులు రెండోదాన్ని మెచ్చుకున్నారు. ఎవరైనా ఊహించేదే. అదే పథకానికి "ఇది మీ పార్టీ సమర్థించింది" అన్న ముక్క తగిలించేసరికి లోపల ఏముందన్నది పక్కకు పోయింది. ఉదారవాదులు బిగింపు పథకాన్ని, సంప్రదాయవాదులు ధారాళమైన పథకాన్ని మెచ్చుకున్నారు. ఎందుకు నచ్చిందని అడిగితే పథకంలోని వివరాలు చూసే నిర్ణయించుకున్నామని చెప్పారు. అవతలివాళ్లు మాత్రం పార్టీ మాట విని ఊగిపోతారని కూడా అన్నారు.

అది చదివినప్పుడు నాకు మా ఊరి బెంచీలే గుర్తొచ్చాయి.

దీని వేరు రాజకీయం కన్నా లోతుగా ఉంది. హెన్రీ టాజ్‌ఫెల్ అనే శాస్త్రవేత్త పోలండ్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. నాజీల మారణకాండలో అయినవాళ్లను పోగొట్టుకున్నాడు. మనిషి సాటి మనిషిని ఎప్పుడు పరాయివాడిగా చూడటం మొదలుపెడతాడన్నది ఆయనకు పుస్తకాల్లో ప్రశ్న కాదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో బడిపిల్లలకు క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, నచ్చినవాటిని బట్టి మిమ్మల్ని రెండు జట్లు చేశామని చెప్పాడు. నిజానికి ఎవరిని ఎందులో వేయాలన్నది లాటరీ తీసినట్టు చేసిందే. తన జట్టులో ఇంకెవరున్నారో కూడా పిల్లవాడికి తెలియదు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, రెండు జట్లలోని పిల్లలకు డబ్బు పంచమన్నాడు. పంచేవాడికి అందులో పైసా రాదు. అయినా పిల్లలు తమ జట్టు వైపే మొగ్గారు. తమవాళ్లకు నాలుగు పైసలు తగ్గినా సరే, అవతలివాళ్ల కన్నా పైన ఉంటే చాలనుకున్నారు. ఎవరున్నారో తెలియని జట్టు కోసం ఒక్క పూటలో ఇంత పక్షపాతం పుడితే, తాతల నాటి నుంచి మోసిన జెండా కోసం ఎంత పుట్టాలి?

చదువుకున్నవాళ్లకు ఈ జబ్బు ఉండదనుకోవడం తప్పు. డాన్ కాహన్ బృందం 2013లో వెయ్యిమందికి పైగా అమెరికన్లకు ఒక లెక్కల పట్టిక ఇచ్చింది. చర్మానికి రాసే మందు పనిచేసిందా లేదా అని అడిగితే లెక్కలొచ్చినవాళ్లు సరిగ్గా చెప్పారు. అవే అంకెలు తుపాకుల నియంత్రణ మీదివని చెబితే, లెక్కల్లో దిట్టలైనవాళ్లే ఎక్కువగా తమ పక్షానికి అనుకూలంగా చదువుకున్నారు. తెలివితేటలు పార్టీకి వకీలుగా మారాయన్నమాట. డాలస్‌లో, న్యూజెర్సీలో కార్లకు జెండాలు కట్టి ర్యాలీలు తీసే మనవాళ్ల చదువులు తక్కువా?

ఇక్కడ మా పెదనాన్న పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. పట్నంలో కూర్చుని "పార్టీ పిచ్చి" అనేయడం తేలిక. ఊళ్లో పార్టీ అంటే భరోసా. గట్టు తగాదాలో మనవాణ్ణి స్టేషన్‌కు తీసుకెళితే ఎస్సైకి ఫోన్ చేసే మనిషి కావాలి. రేషన్ కార్డులో పేరు ఎగిరిపోతే మండలాఫీసులో అడిగిపెట్టేవాళ్లు కావాలి. ఆసుపత్రిలో మంచం దొరకాలన్నా, సొసైటీలో అప్పు పుట్టాలన్నా ఎవరో ఒకరు "ఇతను మనవాడే" అనాలి. ఆ ఒక్క మాట కోసం మనిషి ఏళ్ల తరబడి జెండా మోస్తాడు. కార్యాలయాలు మనిషిని మనిషిగా చూసి పనిచేసి ఉంటే ఈ జెండాల బరువు సగానికి సగం తగ్గేది. మా ఇంట్లోనే ఒక ధ్రువపత్రం కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగి, చివరికి పెదనాన్న ఎవరితోనో చెప్పిస్తే ఒక్క పూటలో చేతికొచ్చింది. అలాంటప్పుడు స్వతంత్రంగా ఆలోచించమని ఆయనకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

పార్టీలు అక్కర్లేదని కూడా నేననను. వందల మంది సభ్యులున్న సభలో నలుగురు కలిసి ఒక కార్యక్రమానికి కట్టుబడకపోతే బడ్జెట్ కూడా గట్టెక్కదు. బాధ ఎక్కడంటే, కట్టుబాటు పేరుతో మనం ఆలోచనను కూడా చట్టంతో కట్టేశాం. 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు. ఆ రోత భరించలేకే 1985లో రాజ్యాంగానికి పదో షెడ్యూలు చేర్చి, ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ చట్టం ప్రకారం పార్టీ విప్ జారీ చేస్తే, మామూలు బిల్లు మీదైనా సభ్యుడు మనస్సాక్షి చెప్పినట్టు ఓటేయడానికి లేదు. వేస్తే పదవి పోవచ్చు. ప్రభుత్వం నిలబడటమా పడిపోవడమా అన్న ఓటింగ్‌కే ఈ వేటును పరిమితం చేయాలని 1990లో దినేశ్ గోస్వామి కమిటీ సిఫార్సు చేసింది. అది అమలు కాలేదు. ఇన్ని చేసీ అసలు గోడ దూకుళ్లు ఆగాయా? 2014, 2019 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశం కండువా కప్పుకున్నారు. 2019 జూన్‌లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. కండువా మార్చుకోవడానికి దారులు దొరికాయి. కండువా ఉంచుకుని ఒక్క బిల్లుకు "కాదు" అనడానికి మాత్రం దారి దొరకలేదు.

ఓటరు మెడ మీద ఇంకో కాడి ఉంది. "ఇండిపెండెంటుకు వేస్తే ఓటు మురిగిపోతుంది" అన్న మాట వినని ఊరు లేదు. ఎక్కువ ఓట్లొచ్చిన ఒక్కడే గెలిచే పద్ధతిలో ఆ భయం అర్థమయ్యేదే. 2009లో ప్రజారాజ్యం పార్టీకి ఆరో వంతు ఓట్లొచ్చినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలోని 294 సీట్లలో దక్కినవి 18. 1957లో లోక్‌సభకు 42 మంది స్వతంత్రులు గెలిచారు. 2024లో ఏడుగురు. ఒకప్పుడు మన సత్తెనపల్లి వావిలాల గోపాలకృష్ణయ్యను పార్టీతో పని లేకుండా అసెంబ్లీకి పంపింది. ఖద్దరు సంచితో తిరిగిన ఆ మనిషే తర్వాత అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షుడయ్యాడు. అలాంటివాళ్లు ఈ రోజు నామినేషన్ వేస్తే డిపాజిట్ దక్కుతుందో లేదో.

అయితే ఓటు మురిగిపోతుందన్న మాటకు ఎదురు నిలిచే లెక్క ఒకటుంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఓడిన తెలుగుదేశానికి దాదాపు 39 శాతం ఓట్లొచ్చాయి. సీట్లు 23. 2024లో ఓడిన వైఎస్సార్ కాంగ్రెస్‌కూ దాదాపు 39 శాతమే. సీట్లు 11. ఎంత గాలి వీచినా కదలని కొండలు అటొకటి, ఇటొకటి ఉన్నాయని ఆ అంకెలు చెబుతున్నాయి. 2019లో సగం ఓట్లు తెచ్చుకున్న పార్టీ 2024లో పోగొట్టుకున్నది నూటికి పదకొండు. ఆ పదకొండుకే 151 సీట్లు 11 అయ్యాయి. ఊళ్లో "గోడ మీద పిల్లులు" అని తిట్టించుకునేవాళ్లే ప్రభుత్వాలను దించి, ఎక్కిస్తున్నారు. కదిలేవాళ్లున్నారన్న భయం లేకపోతే ఏ పార్టీ అయినా తన కొండకేసి తిరిగి కూడా చూడదు.

పార్టీల బయట నిలబడటమంటే ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది పుస్తకాలు కాదు, నల్గొండ. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని లెక్క. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు గారపడతాయి, తర్వాత కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగుతుంది. అంత పెద్ద నాగార్జునసాగర్ అదే జిల్లాలో ఉంది. దాని నీళ్లు దూరాన పొలాలకు పారుతుంటే, పక్క ఊళ్లో పిల్లల కాళ్లు వంకరపోయాయి. ప్రతి పార్టీ ప్రతి ఎన్నికలో నీళ్లిస్తామంది. 1996 లోక్‌సభ ఎన్నికలకు దుశర్ల సత్యనారాయణ నాయకత్వాన జలసాధన సమితి ఒక దారి కనిపెట్టింది. గెలవడానికి కాక, దేశం చూపు ఇటు తిప్పడానికి నామినేషన్లు వేయించింది. ఒక్క నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. గెలిచింది సీపీఐ అభ్యర్థి ధర్మభిక్షం. కానీ నల్గొండ నీళ్ల సంగతి ఢిల్లీకి తెలిసింది ఆ పుస్తకం వల్ల.

వ్యవస్థ దానికిచ్చిన జవాబు తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె మండుతుంది. ఆ ఏడాదే చట్టం మార్చి, లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలన్నారు. 2010లో డిపాజిట్ 25,000 అయింది. నామినేషన్ల మీద కంచె ఒక్క ఏడాదిలో లేచింది. కుళాయి నీళ్లు ఆ ఊళ్లన్నిటికీ చేరడానికి మాత్రం ఏళ్లూ పూళ్లూ పట్టింది. అవి వచ్చేసరికి ఒక తరం నడుములు వంగిపోయే ఉన్నాయి.

కంచె లేచినా దాన్ని దాటినవాళ్లున్నారు. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది తలా 25,000 కట్టి నిలబడ్డారు. మద్దతు ధర, పసుపు బోర్డు, ఇవే వాళ్లడిగింది. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక బ్యాలెట్ యూనిట్‌లో పట్టేది 16 పేర్లే కాబట్టి ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ 12 యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. ఆ వరస ముందు నిలబడ్డ ఓటరును ఊహించుకోండి. తనలాంటి రైతు పేరు పక్కన ఇంకో రైతు పేరు, దాని పక్కన ఇంకోటి, బల్ల ఈ చివర నుంచి ఆ చివరిదాకా. సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు. ఆ తర్వాత కూడా రైతులు ఆ కాగితాన్ని మర్చిపోనివ్వలేదు. 2023 అక్టోబరులో కేంద్రం బోర్డు ప్రకటించింది, 2025 సంక్రాంతికి అది నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ధర సంగతి ఇంకా తేలలేదు, పోరు అయిపోలేదు. కానీ ఆ 178 మంది "మేం ఎటువైపు" అన్న ప్రశ్నకు జవాబు చెప్పారు. పసుపు వైపు.

స్వతంత్రంగా ఆలోచించడాన్ని నేను అక్కడి నుంచి ఇలా అర్థం చేసుకున్నాను. "అందరూ దొంగలే" అని ఇంట్లో కూర్చునేవాడు ఆలోచించడం మానేసినవాడు. ఇరుపక్షాలకూ చెరో దెబ్బ వేసి నడుమ నిలబడేవాడూ విషయాన్ని చూడటం లేదు, దూరాన్ని కొలుస్తున్నాడు. పార్టీ సభ్యత్వం ఉన్నవాడు కూడా స్వతంత్రుడు కావచ్చు. కాగితం మీద ఏముందో చదివి, మంచీ చెడూ తేల్చుకుని, ఆ తర్వాత అది ఎవరిదని అడిగేవాడు నా దృష్టిలో స్వతంత్రుడు. ఆ రెండు ప్రశ్నల వరస మారడంలోనే అంతా ఉంది. మొన్నమొన్నటిదాకా నాకూ ఆ వరస తెలియదు. పేపరు తీయగానే ముందు ఎవరన్నారో చూసి, తర్వాత ఏమన్నారో చదివేవాణ్ణి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మంచినీళ్ల ట్యాంకు మెట్ల దగ్గర పగిలి, నీళ్లు వీధిలోకి కారుతున్నాయి. కలెక్టరుకు ఇవ్వడానికి ఎవరో అర్జీ రాసి సంతకాలు పెట్టిస్తున్నారు. నేను ఒక కాగితం తీసుకుని పెదనాన్న దగ్గరికెళ్లాను.

"ఎవరిదిరా ఇది?" అన్నాడు.

"ముందు చదువు పెదనాన్నా."

కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. అరుగు మీద ఎండలోకి జరిగి మొత్తం చదివాడు. ట్యాంకు కట్టిన ఏడాది తప్పు రాశారని దిద్దాడు. మోటారు రెండుసార్లు కాలిపోయిన సంగతి రాయలేదని అడుగున తన చేత్తో ఒక వాక్యం చేర్చాడు. సంతకం పెట్టి, తేదీ వేసి నా చేతికిచ్చాక మళ్లీ అడిగాడు.

"ఇప్పుడు చెప్పు, ఎవరు రాశారు?"

ఎదురు కొట్టాయన పేరు చెప్పాను.

కాసేపు ఏమీ అనలేదు. "ఆ ముక్క ముందే చెప్పాల్సిందిరా" అన్నాడు. కాగితం మాత్రం వెనక్కి అడగలేదు.