ఇల్లు అమ్ముకుని వెళ్లేదెవరు?

కాలిఫోర్నియాలో ఇల్లు అమ్మి, టెక్సాస్‌లోనో నెవాడాలోనో తక్కువ ధరకు ఇంకా పెద్ద ఇల్లు కొనుక్కోవడం అమెరికాలో మామూలే. మిగిలిన డబ్బు పిల్లల చదువుకో, రిటైర్‌మెంట్‌కో పోతుంది. బే ఏరియా నుంచి డల్లాస్‌కో ఆస్టిన్‌కో మారిన తెలుగువాళ్లూ ఉన్నారు.

ఈ బేరానికి చట్టం కూడా అండగా ఉంది. చివరి ఐదేళ్లలో కనీసం రెండేళ్లు సొంతంగా నివసించిన ఇంటిని అమ్మితే, లాభంలో ఒంటరి వ్యక్తికి 2.5 లక్షల డాలర్లు, దంపతులకు 5 లక్షల డాలర్ల దాకా ఫెడరల్ పన్ను పడదు. ఇది 1997 నాటి ఏర్పాటు. అంతకుముందే 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపోజిషన్ 13 ఆమోదించారు. దాని ప్రకారం ఇల్లు చేతులు మారేదాకా పన్ను కోసం లెక్కగట్టే విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదు. ఎంత ముందు కొన్నవాడికి అంత లాభం.

మరి ముందు కొననిచ్చింది ఎవరిని? 1930లలో ప్రభుత్వ సంస్థే నగరాల పటాలు గీసి, నల్లజాతీయులు ఉండే పేటలకు ఎర్ర రంగు వేసింది. 1934లో మొదలైన ఫెడరల్ గృహ రుణ బీమా ఆ పేటలకు దాదాపు అందలేదు. తెల్లవారి పేటల్లో ఇంటి దస్తావేజులోనే ‘నల్లవారికి అమ్మరాదు’ అనే షరతు ఉండేది. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు 1948లో తీర్పిచ్చింది. ఇళ్ల అమ్మకంలో వివక్షను నిషేధించే చట్టం రావడానికి 1968 దాకా ఆగాల్సి వచ్చింది. వాడను ఊరికి దూరంగా పెట్టి, తర్వాత ‘అక్కడ స్థలానికి ధర పలకదు’ అనడం మనకు తెలియని సంగతేం కాదు.

కొన్నవాళ్లకైనా నిలిచిందా? లాస్ ఏంజెలెస్ దగ్గర మాన్‌హటన్ బీచ్‌లో విల్లా బ్రూస్ అనే నల్లజాతి మహిళ 1912లో సముద్రతీరాన స్థలం కొన్నారు. భర్త చార్లెస్‌తో కలిసి తమవాళ్ల కోసం రిసార్టు నడిపారు. 1924లో నగరపాలకులు పార్కు పేరు చెప్పి ఆ స్థలాన్ని స్వాధీనం చేసుకునే ప్రక్రియ మొదలుపెట్టారు. లాక్కున్నాక దశాబ్దాల పాటు ఖాళీగా వదిలేశారు. 2022లో కౌంటీ దాన్ని వారసులకు తిరిగిచ్చింది. మరుసటి ఏడాది వారు దాదాపు 2 కోట్ల డాలర్లకు కౌంటీకే అమ్మారు. పోరాడి తెచ్చుకున్న భూమిని అమ్మడమేంటని కొందరు నొచ్చుకున్నారు. నాకు ఆ మాట సబబుగా తోచదు. ఆ కుటుంబం దగ్గర లాక్కున్నవాటిలో, తమకు నచ్చినప్పుడు మంచి ధరకు అమ్ముకునే అవకాశం కూడా ఉంది కదా.

మన దగ్గర చిక్కు ఇంకో రకం. 1977 చట్టం అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించింది. పెద్దల చేతికి పోకుండా కాపాడటం దాని ఉద్దేశం, అది అవసరమే. అయితే పెళ్లికో ఆసుపత్రికో డబ్బు కావాల్సి వచ్చినవాళ్లు తెల్లకాగితం మీద కారుచౌకగా అమ్ముకున్నారు. ఆంధ్రప్రదేశ్ 2023 సవరణతో, 20 ఏళ్లు దాటిన సాగుభూముల మీద అసలు అసైనీలకు, వారి వారసులకు పూర్తి హక్కు ఇచ్చింది. అక్రమాలు జరిగాయంటూ 2024లో కొత్త ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లు ఆపింది. అందుకే మీ ఊళ్లో ఇలాంటి భూమి అమ్ముడైందని విన్నప్పుడు మూడు సంగతులు కనుక్కోండి: రిజిస్ట్రేషన్‌కు ముందే తెల్లకాగితం ఒప్పందం ఏమైనా ఉందా, అది ఏ తేదీది, మార్కెట్ ధరలో ఎంత భాగం అసైనీ కుటుంబం చేతికి వచ్చింది.