పేగులు మళ్లీ లోపలికి వెళ్లాక

పెద్ద హెర్నియా ఆపరేషన్ అయ్యాక బయట కూర్చున్న బంధువులు ముందు అడిగేది కుట్ల గురించే. లోపల ఐసీయూలో నర్సు చూస్తున్నది మాత్రం మంచానికి వేలాడే యూరిన్ బ్యాగును, తెర మీది ఆక్సిజన్ అంకెను. మొదటి రెండు మూడు రోజులు కిడ్నీలు, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయన్నదే పెద్ద ప్రశ్న. పొట్టకు వేసిన కుట్టుకూ వాటికీ సంబంధమేమిటో రోగి ఇంటివాళ్లకు విడమరచి చెప్పేవాళ్లు తక్కువ.

ఇక్కడ మాట్లాడుకుంటున్నది గజ్జలో వచ్చే చిన్న హెర్నియా గురించి కాదు. పాత ఆపరేషన్ కోత దగ్గర కండరపు పొర విడిపోయి, పేగులు చర్మం కిందికి జారే ఇన్సిషనల్ హెర్నియా గురించి. కడుపు కోతలు మన దగ్గర ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనూ ఈ రెండూ ముందు వరుసలో ఉన్నాయి. అడ్డకోతకు హెర్నియా ముప్పు తక్కువ, నిలువుకోతకు ఎక్కువ. మొదట్లో పడుకుంటే లోపలికి పోయే ఉబ్బు కాబట్టి, నొప్పి లేదు కదా అని చీర కుచ్చిళ్ల వెనక దాచుకుని ఏళ్లు గడిపేస్తారు. అసలు చిక్కు ఆ ఏళ్లలోనే పెరుగుతుంది.

పేగులు బయట ఉండిపోయేకొద్దీ పొట్టగోడ పక్క కండరాలు కుంచించుకుపోయి పొట్టిబడతాయి. లోపలి చోటు తగ్గిపోతుంది. సీటీ స్కాన్‌లో ఉబ్బు సంచి పరిమాణాన్నీ పొట్టగది పరిమాణాన్నీ కొలిచి పోలుస్తారు. మొదటిది రెండోదాంట్లో నాలుగో వంతు దాటితే సర్జన్లు ఆలోచనలో పడతారు. అంత సరుకునూ ఒక్కసారిగా లోపలికి నెట్టి బిగించి కుట్టడం, నిండిన ట్రంకుపెట్టె మూతను మోకాలితో అదిమి గడియ పెట్టడం లాంటిది. మూత పడుతుంది, కానీ లోపలున్నవన్నీ నలుగుతాయి.

ఆ నలుగుడుకు కొలత ఉంది. పొట్ట లోపలి ఒత్తిడి మామూలుగా 5 నుంచి 7 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. 12 చేరితే ఎక్కువైనట్టు. 20 దాటి, దాంతోపాటు ఏదైనా అవయవం కొత్తగా దెబ్బతింటే అది అబ్డామినల్ కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్, ప్రాణాపాయం. కొలవడానికి పొట్టకు మరో చిల్లు అక్కర్లేదు. మూత్రం కోసం వేసిన గొట్టంలోంచే మూత్రాశయంలోకి 25 మిల్లీలీటర్లకు మించకుండా సెలైన్ ఎక్కించి ఒత్తిడి చూస్తారు. 1984లో అమెరికన్ సర్జన్ క్రాన్ బృందం ఈ కొలతను వాడి, పొట్టను ఎప్పుడు తిరిగి తెరవాలో నిర్ణయించే పద్ధతిని వివరించింది.

ఒత్తిడి పెరిగితే ముందుగా దెబ్బ తగిలేవాటిలో కిడ్నీలు ఒకటి. పొట్ట వెనక గోడకు ఆనుకుని ఉండే వాటి సిరలు పలచన. అవి నొక్కుకుపోతే వచ్చిన రక్తం వెనక్కి వెళ్లలేక నిలుస్తుంది. పెద్ద సిర కూడా నలిగి గుండెకు చేరే రక్తం తగ్గుతుంది, గుండె పంపేదీ తగ్గుతుంది. రక్తం చాలడం లేదనుకుని శరీరం ఉప్పును, నీటిని పట్టి ఉంచే హార్మోన్లను వదులుతుంది. ఫలితం, మూత్రం తగ్గడం. వైద్యులు వేసే ఉజ్జాయింపు లెక్క చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది: కిడ్నీలో వడపోతకు మిగిలే ఒత్తిడి, సగటు రక్తపోటులోంచి పొట్ట ఒత్తిడిని రెండుసార్లు తీసేస్తే వచ్చేంత. సగటు రక్తపోటు 80 అనుకుందాం. పొట్ట ఒత్తిడి 6 ఉంటే 68 మిగులుతుంది. 20 అయితే మిగిలేది 40. బీపీ యంత్రం మీద అంకె మారలేదు, వడపోత బలం మాత్రం దాదాపు 40 శాతం పడిపోయింది. ఇది కొత్త సంగతీ కాదు. పొట్ట ఒత్తిడి పెరిగితే మూత్రం తగ్గుతుందని జర్మనీకి చెందిన వెంట్ 1876లోనే రాశాడు. 1947లో బ్రాడ్లీ దంపతులు మనుషుల్లోనే కొలిచి చూపారు.

అరవై కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్ల కన్నా తక్కువ మూత్రం ఆరు గంటలు వరసగా వస్తే, లేదా కిడ్నీ పనితీరును చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ రెండు రోజుల్లో డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగితే కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క. అందుకే ఆ బ్యాగును గంటగంటకూ చూస్తారు. "మూత్రం రాలేదు, ఇంకో సెలైన్ పెట్టండి" అని బంధువులు తొందరపడతారు. ఒళ్లు ఎండిపోయి ఉంటే సెలైన్ మంచిదే. కారణం ఒత్తిడైతే మాత్రం అతిగా ఎక్కించిన నీరు పేగులనే ఉబ్బించి ఒత్తిడిని ఇంకా పెంచుతుంది.

ఊపిరితిత్తుల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పొట్ట నిండగానే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే విభాజక పటలం (డయాఫ్రమ్) పైకి నెట్టుకుపోతుంది. ఊపిరితిత్తుల అడుగు భాగాలు విప్పుకోలేక ముడుచుకుంటాయి. మత్తు డాక్టర్ పొట్ట మూయకముందూ మూశాకా వెంటిలేటర్ మీద గాలి ఒత్తిడిని పోల్చి చూస్తారు. అది నీటి కొలతలో 6 సెంటీమీటర్లో అంతకన్నా ఎక్కువో పెరిగితే శ్వాస సమస్యలు రావచ్చన్నది అనుభవం మీద తేలిన హెచ్చరిక. అలాంటి రోగిని ఆ రాత్రి వెంటిలేటర్ మీదే ఉంచడం చాలాచోట్ల ముందుజాగ్రత్త. గొట్టం చూసి బయట ఉన్నవాళ్లకు గుండె జారిపోతుంది. ఆపరేషన్‌కు ముందే ఒక్క మాట చెప్పి ఉంచితే ఆ బెంగ ఉండదు. ఆ మాట చెప్పడం వైద్యంలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

మెలకువ వచ్చాక రోగి చేతిలో పని కూడా చాలా ఉంది. దగ్గితే కుట్లు తెగుతాయన్న భయంతో చాలామంది దగ్గునూ దీర్ఘశ్వాసనూ అదిమిపెడతారు. కఫం అడుగున పేరుకుని న్యుమోనియాకు దారితీస్తుంది. దిండును పొట్టకు గట్టిగా హత్తుకుని దగ్గాలి. మూడు బంతుల స్పైరోమీటర్‌తో గాలి పీల్చాలి. డాక్టర్ చెప్పిన రోజునే లేచి నాలుగడుగులు నడవాలి.

ఒత్తిడి పెరగకుండా ముందే చూసుకోవడం అన్నిటికన్నా మేలు. అర్జెంటీనా సర్జన్ గోన్యీ మోరెనో 1940లలోనే రోగి పొట్టలోకి కొన్ని రోజులపాటు కొంచెం కొంచెంగా గాలి ఎక్కించి, పొట్టగోడను సాగదీసి ఆ తర్వాతే ఆపరేషన్ చేశాడు. ముడతలకు వాడే బోటాక్స్‌ను పక్క కండరాల్లోకి ఇచ్చి సడలించే పద్ధతిని 2009లో మెక్సికో వైద్యులు ప్రచురించారు. ఆపరేషన్‌కు సుమారు నాలుగు వారాల ముందు ఆ ఇంజెక్షన్లు ఇస్తారు. కండరాల పొరలను విడదీసి చోటు పెంచే శస్త్రచికిత్సలూ వచ్చాయి. పొగ మానండి, బరువు తగ్గండి, అప్పుడు చేద్దాం అని సర్జన్ వాయిదా వేస్తే ఆ సర్జన్‌ను విడిచి, రేపే చేసేవారిని వెతుక్కోవడం తెలివైన పని కాదు. ఇంత పెద్ద హెర్నియాలో ఆ వారాలు వృథా కావు.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా పొట్ట ఒత్తిడి కొంత పెరుగుతుంది. 2015లో క్లీవ్‌లాండ్ సర్జన్లు ప్రచురించిన పరిశీలనలో ఇలాంటి పెద్ద మరమ్మతుల తర్వాత ఒత్తిడి పెరగడం, కిడ్నీ పని కొంత మందగించడం మామూలేనని, చాలావరకు అవి తాత్కాలికమేనని తేలింది. ఊపిరి విషయంలో ఇంకా మంచి వార్త. పెద్ద హెర్నియా సరిచేసిన ఏడాదికి రోగులు గాలిని బలంగా బయటికి ఊదే వేగం మెరుగుపడిందని 2017లో డెన్మార్క్ పరిశోధకులు చూపారు. పొట్ట కండరాలు మళ్లీ ఒకదానికొకటి అతుక్కుంటే దగ్గుకు బలం వస్తుంది మరి.

కిడ్నీ విషయంలో ఇంటికొచ్చాక జాగ్రత్త తప్పనిసరి. నొప్పికి మందుల షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కిడ్నీలోకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. బీపీ మాత్రలు, నీరు తీసే మాత్రలు వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. పచ్చి ఒళ్లని, పథ్యమని నీళ్లు కట్టడి చేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టర్ తగ్గించమంటే తప్ప అలా చేయకూడదు. శ్రీకాకుళం ఉద్దానంలోలా కిడ్నీ జబ్బు చప్పుడు లేకుండా ముదిరే ప్రాంతాలవాళ్లు ఆపరేషన్‌కు ముందరి క్రియాటినిన్ రిపోర్టును తప్పక దాచుకోవాలి. తర్వాత వచ్చిన అంకెను పోల్చి చూడటానికి అదొక్కటే ఆధారం. మూత్రం బాగా తగ్గినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, పొట్ట రాయిలా బిగిసినా తర్వాతి చెకప్ తేదీ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.